పై సంత, మర్నాడు కాదు, ఆ మర్నాడు

హైదరాబాదులో ఫిబ్రవరి చివరికల్లా తోపుడుబళ్ళ మీదికి మామిడికాయలు వచ్చేస్తాయి. మేము వాటిని చూస్తాం, వాసన చూస్తాం, చేతిలోకి తీసుకుని బరువు కూడా చూస్తాం. తినం. కొండ మీద మా ఊళ్ళో మామిడి కొత్త అయ్యేదాకా తినం.

కొత్త అంటే మా పండగ. ఆ ఏడు వచ్చిన పంటను ముందు ఊరి దేవతకు పెట్టి, ఆ తర్వాత మనుషులు తినడం మొదలుపెట్టే రోజు. కొర్రకు ఒక కొత్త, చిక్కుడుకు ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. కొర్రలతోనూ చిక్కుళ్ళతోనూ నగరంలో మాకు పేచీ లేదు. వాటిని ఎవరూ ముక్కు కిందికి తెచ్చి పెట్టరు. మామిడి అలా కాదు. ఆఫీసు క్యాంటీన్లో పప్పులో ఉంటుంది, పక్కింటివాళ్ళు పంపిన పులిహోరలో ఉంటుంది, పెళ్ళిభోజనంలో మూడు రూపాల్లో ఉంటుంది. రెండు నెలల పాటు దారిపొడుగునా పరీక్షే.

మేము అంటే అరకు, డుంబ్రిగుడ చుట్టుపక్కల కొండల నుంచి వెళ్ళి హైదరాబాదులో బతుకుతున్నవాళ్ళం. పిల్లలతో కలిపి అరవై మందిమి. నర్సులు, ఇద్దరు టీచర్లు, ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్, హాస్టల్ పిల్లలు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు నలుగురైదుగురు. ఏడాదికి మూడుసార్లు కలుస్తాం. జనవరిలో ఏదో ఒక పార్కులో మా కొండ నాట్యం థింసా ఆడతాం, పార్కు వాచ్‌మన్ వచ్చి ఆపేదాకా. వర్షాలయ్యాక ఒక పిక్నిక్. ఏప్రిల్లో మామిడి కొత్త. మూడింటిలో పెద్దది అదే, ఎందుకంటే దానికి ఆకలి ఉంది.

నేను మా బృందానికి కార్యదర్శిని. ఎవరూ ఎన్నుకోలేదు. మొదటి ఏడు ఎవరు ఏ గిన్నె తేవాలో ఒక పట్టిక రాసి గ్రూపులో పెట్టాను, అంతే, ఆ రోజు నుంచి నేనే. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం, అంటే ఎక్కడ తప్పు జరగవచ్చో ముందే ఊహించి రాసుకోవడం. ఆ అలవాటుతో మామిడి కొత్తకు కూడా ఒక పత్రం తయారు చేశాను. దాని పేరు "ఏది మామిడి". అందులోని కొన్ని అంశాలు:

ఒకటి, పచ్చికాయ, దోరకాయ, పండు: నిషేధం. రెండు, నిరుటి ఆవకాయ: తినవచ్చు, అది నిరుటి కొత్త దాటిన కాయ. మూడు, మామిడాకుల తోరణం: కట్టుకోవచ్చు. నాలుగు, మామిడి రంగు చీర: ఈ ప్రశ్న ఇక ముందు ఎవరూ అడగవద్దు. ఐదు, సీసాలో అమ్మే మామిడి రసం: వివాదంలో ఉంది. ఈ ఐదో అంశం మీద రెండు వారాలు చర్చ నడిచింది. చివరికి కానిస్టేబుల్ అన్న సీసా అట్ట మీది చిన్న అక్షరాలు చదివి, ఇందులో మామిడికంటే నీళ్ళ మీద కేసు పెట్టడం తేలికని తీర్పు చెప్పాడు. అయినా మా అక్క తాగలేదు.

మా అక్క సంగతి చెప్పాలి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, టీచరు. పెళ్ళి చేసుకున్నది తెనాలి వైపు మనిషిని. బావకు మామిడి అంటే బంగినపల్లి, బంగినపల్లి అంటే రోజుకు రెండు. ఈ ఏడు అక్కకు ఎనిమిదో నెల. పుల్లటిది కావాలని నాలుక లాగేస్తోందట. ఉగాదికి అత్తవారింట్లో పచ్చడి ఇస్తే దాన్ని టీ జాలీలో వడపోసుకుని తాగింది. బావ తల్లి ఆశ్చర్యపోయి, కడుపుతో ఉన్న పిల్ల మామిడి ముక్క తీసేసి వేపచేదు తాగడం ఇదే చూడటం అందిట. బావ రోజూ ఆఫీసు నుంచి వస్తూ ఒక పచ్చికాయ తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. బతిమాలేవాడు కాదు, ఊరికే పెట్టేవాడు. ఏప్రిల్ వచ్చేసరికి ఫ్రిజ్ మీద చిన్న దుకాణం తయారైంది.

డాక్టరు రైలు ప్రయాణం వద్దన్నాడు. అక్క ఏ ఏడూ సెలవులకు ఊరెళ్ళడం మానలేదు. ఈసారే మొదటిసారి. ఒకరోజు నేను కూడా మెత్తబడి, నీ పరిస్థితి వేరు, దేవత ఏమీ అనుకోదు, ఒక ముక్క తినమన్నాను. అక్క ఫ్రిజ్ మీది కాయల్ని చూస్తూ అంది:

"ఈ ఏడు ఊరెళ్ళడానికి నేదు కదరా. ఆగడమొక్కటే ఉంది నాకు. అది కూడా పాడుసేసుకుంటే ఇంకేటుంది?"

ఆ తర్వాత నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు మా పద్ధతి. నగరంలో పండగ చేసుకోవాలంటే ఊళ్ళో పండగ అయి ఉండాలి. అందుకని ప్రతి ఏడూ మాలో ఒకరు ఊరు వెళ్తారు. రాతి గద్దె మీద దేవతకు మామిడి పెట్టగానే ఆ మనిషి ఫోను చేసి చెప్తాడు. ఇక్కడ అద్దె హాల్లో ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు అప్పుడు ముద్ద ఎత్తుతారు. ఊళ్ళో సిగ్నల్ లేదు. పైన ఒక రాయి ఉంది, దాని మీద నిలబడి అరకు వైపు తిరిగితే ఒక గీత, అదృష్టం బాగుంటే రెండు గీతలు వస్తాయి. దాన్ని అందరూ టవర్ రాయి అంటారు.

ఫోనులో ఏమనాలో కూడా పత్రంలో రాశాను. "పెట్టేసేరు" అనాలి. దేవతకు పెట్టేశారు అని. ఇంకేమీ అనకూడదు. ఎందుకంటే అంతకు ముందు ఏడు వెళ్ళినాయన ఫోనులో వాతావరణం నుంచి మొదలుపెట్టాడు, అసలు మాట దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పోయింది. హాల్లో అరవై మంది సాయంత్రం నాలుగు దాకా పస్తున్నారు. అందుకే ఇంకో నియమం కూడా చేర్చాను: పన్నెండున్నర దాటినా ఫోను రాకపోతే పెట్టేసినట్టే లెక్క, తినవచ్చు. ఆ నియమం రాసిన రోజు నా మీద నాకే ముచ్చటేసింది.

ఈ ఏడు వెళ్ళే వంతు నాది.

పండగ రోజు ఎప్పుడో చెప్పేవాడు దిసారి. చుక్కలు చూసి మంచిరోజు చెప్పే పెద్దాయన, ఊరికంతా తాత. ఏప్రిల్ మొదట్లో ఒక గురువారం మా మావ ఏదో బ్యాంకు పని మీద అరకు వచ్చి అక్కణ్ణుంచి నాకు ఫోను చేశాడు. దిసారి చెప్పిన మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు: "ఈ సంత పోనిచ్చి పై సంత. మర్నాడు కాదు, ఆ మర్నాడు."

నేను వెంటనే కాగితం తీశాను. అరకు సంత శుక్రవారం. ఈ సంత అంటే రేపు. పై సంత అంటే వచ్చే శుక్రవారం. మర్నాడు శనివారం, ఆ మర్నాడు ఆదివారం. ఆదివారం! దిసారి తాత మా హాలు ఖాళీ చూసుకుని మరీ చుక్కలు కూర్చాడా అనిపించింది. పది నిమిషాల్లో హాలు, వంటవాళ్ళు, అడ్డాకు విస్తళ్ళు, అన్నీ చెప్పేశాను. గ్రూపులో తేదీ పెట్టగానే అక్క ఒకే ఒక్క మాట రాసింది: "పది రోజులు." కాసేపటికి బావ ఫ్రిజ్ మీది కాయల ఫోటో పెట్టాడు, వాటికి పూలదండ వేసి.

లెక్క మనకు బాగా కలిసి వచ్చినప్పుడే రెండోసారి చూసుకోవాలి. ఈ సంగతి నేను కొత్తగా చేరినవాళ్ళకు ఆఫీసులో పాఠంగా చెప్తాను.

శనివారం రాత్రి బండెక్కి, ఆదివారం పొద్దున్న విశాఖపట్నంలో దిగి, అరకు పోయే బండి పట్టుకున్నాను. సొరంగాలు వచ్చినప్పుడల్లా టూరిస్టులు కేకలు వేశారు. నేనూ వేశాను. చాలా సంతోషంగా ఉన్నాను. బండి కొంత ఆలస్యమైంది గాని నా పట్టికలో ఆలస్యానికి కూడా అరగంట వదిలాను. అరకులో దిగి, డుంబ్రిగుడ దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి కొంత దూరం ఒకాయన బైకు వెనక, ఆ తర్వాత నడక. ఊళ్ళో అడుగు పెట్టేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

ఊరు మామూలుగా ఉంది.

అదే నన్ను ముందు భయపెట్టింది. కొత్త రోజున గద్దె చుట్టూ పేడతో అలికి ముగ్గు వేసి ఉండాలి. డప్పు వినబడాలి. గద్దె మీద ఒక కోడి ఎండకు కాళ్ళు చాపి పడుకుని ఉంది. బతికున్న కోడి, పండగ భయం లేని కోడి. ఇద్దరు ఆడవాళ్ళు ఎండలో మిరియాలు ఆరబోస్తున్నారు. దిసారి తాత తన అరుగు మీద వెదురుబుట్ట అల్లుకుంటున్నాడు.

"తాతా, ఈరోజు కాదా కొత్త?"

ఆయన తల ఎత్తకుండా, ఏ కొత్త అన్నాడు.

"మామిడి కొత్త. పై సంత, మర్నాడు కాదు, ఆ మర్నాడు అన్నావట కదా."

"అన్నాను. రేపు సంత. మంగళారం మర్నాడు. బుధారం కొత్త. లెక్క సరిగ్గానే ఉంది."

రేపు సోమవారం. సోమవారం డుంబ్రిగుడ సంత. నాకు చెవుల్లో డప్పులు మొదలయ్యాయి.

"నేను అరకు సంత అనుకున్నాను తాతా."

ఇప్పుడు తల ఎత్తాడు. నన్ను ఆపాదమస్తకం చూశాడు.

"నానెప్పుడైనా అరకు సంతకెళ్ళేనేటి?"

మిరియాల దగ్గర ఉన్న ఆడవాళ్ళకు విషయం అర్థమైపోయింది. ఒకావిడ రెండో ఆవిడతో, నాకు వినబడేంత గట్టిగా, "పట్నం గుంటడు దేముడికంటే ముందు పండగ సేసీసేడంట" అంది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఇంకో ఇంట్లోంచి ఇంకొకరు వచ్చి ఏటి ఏటి అని అడిగి, విని, వాళ్ళూ చేరారు.

నేను గడియారం చూసుకున్నాను. పన్నెండు దాటి ఐదు నిమిషాలు. పన్నెండున్నరకు నా నియమం దానంతటదే అమలవుతుంది. అరవై మంది తింటారు. అక్క తింటుంది. రెండు నెలలు కాపాడుకున్న ఆగడం, ఊరెళ్ళలేని ఏడు మిగిలిన ఆ ఒక్కటీ, నా చేతి పట్టిక వల్ల మూడు రోజుల ముందు పాడైపోతుంది.

టవర్ రాయి దాకా మామూలు నడకన అరగంట. నేను బ్యాగు తాత అరుగు మీద పడేసి పరిగెత్తాను. కాఫీ తోటలోంచి అడ్డదారి ఉందని చిన్నప్పటి జ్ఞాపకం. ఉంది గాని అది చిన్నప్పటి నా వెడల్పుకు సరిపోయే దారి. సిల్వర్ ఓక్ చెట్లు పట్టుకుంటూ, మిరియాల తీగలు మెడకు తగులుతుంటే విడిపించుకుంటూ, ఒక చెప్పు ఎక్కడో వదిలేసి, రాయి ఎక్కేసరికి పన్నెండూ ఇరవై ఎనిమిది. అరకు వైపు తిరిగాను. ఒక గీత వచ్చింది. అక్కకు చేశాను. బావ ఎత్తాడు. వెనక అరవై మంది రొద.

ఆ క్షణంలో నేను రాసుకున్న పద్ధతులన్నీ మరిచిపోయాను. ఊపిరి అందడం లేదు. "బావా, మామిడి తినొద్దు" అని అరిచాను.

అది నేనన్నది. బావకు చేరింది వేరు. గీత సరిగ్గా మధ్యలో పోయింది. బావ చెవికి అందింది "బావా, మామిడి తినొ" దాకా.

తెలుగులో అంత ప్రమాదకరమైన చోటు ఇంకొకటి లేదేమో. తినొ దాకా వచ్చి ఆగితే రెండు దారులున్నాయి. తినొద్దు కావచ్చు, తినొచ్చు కావచ్చు. రెండు నెలలుగా ఫ్రిజ్ మీద కాయలు పేరుస్తున్న మనిషి ఏ దారిన వెళ్తాడు?

హాల్లో ఏం జరిగిందో తర్వాత నాకు అందరూ చెప్పారు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా. అన్నిటిలో కలిసినంత మేరకు ఇది. బావ ఫోను పైకెత్తి, తినొచ్చు అని ప్రకటించాడు. చప్పట్లు. ఎవరో ఈల వేశారు, కానిస్టేబుల్ అన్నే అయి ఉండాలి, ఈల ఆయన జేబులోనే ఉంటుంది. అందరూ మామిడికాయ పప్పు అన్నంలో కలిపారు. బావ అందరికంటే ముందు, అక్కకు ధైర్యం ఇవ్వడానికన్నట్టు, పెద్ద ముద్ద నోట్లో పెట్టేసుకున్నాడు. అక్క ముద్ద చేసి, నోటి దాకా తెచ్చి, ఆపింది.

"ఏమన్నాడు? ఉన్నదున్నట్టు సెప్పండి."

బావ నోరు నిండా ఉంది. మింగి, తినొచ్చు అన్నాడని చెప్పాడు.

"పెట్టేసేరు అనలేదా?"

అనలేదన్నాడు. తినొచ్చు అని కూడా పూర్తిగా అనలేదు, తినొ దాకా అన్నాడు, మిగతాది తనకు తెలిసిపోయిందన్నాడు.

అక్క ముద్దను ఆకులో పెట్టేసి, ఎనిమిదో నెల కడుపుతో గోడ పట్టుకుని లేచి నిలబడి, టీచరు గొంతుతో హాలంతా వినబడేలా చెప్పిందట: "మా తమ్ముడు కాగితం మీద రాసిన మాట తప్పడు. తప్పాడంటే ఏదో అయింది. ఎవరూ నోట్లో పెట్టకండి."

అరవై చేతులు గాలిలో ఆగిపోయాయి. ఆ ఫోటో నా దగ్గర ఉంది. ఎవరో హాస్టల్ పిల్ల తీసింది. అందరి చేతుల్లో ముద్దలు, అందరి నోళ్ళు తెరిచి ఉన్నాయి, మధ్యలో అక్క, పక్కన ముద్ద అప్పటికే మింగేసిన బావ.

రాయి మీద నేను ఇవేవీ తెలియక ఫోను నెత్తి మీదికెత్తి గుండ్రంగా తిరుగుతున్నాను. పన్నెండూ నలభై రెండుకు అక్కే చేసింది.

"ఏటయిందిరా?"

చెప్పాను. డుంబ్రిగుడ సంత, అరకు సంత, బుధవారం. ఎవరైనా తిన్నారా అని అడిగాను.

"ఒక్కడే. మీ బావ."

అవతల ఎవరో నవ్వు ఆపుకోలేక పక్కకు వెళ్ళిన చప్పుడు. ఆ తర్వాత అక్కే నవ్వేసింది. తర్వాత నేను. కొండ మీద ఒక్కణ్ణే, ఒంటి చెప్పుతో, రాయి మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను.

హాల్లో భోజనం ఆగలేదు. ఆకులు మార్చి, పత్రంలోని రెండో అంశం ప్రకారం నిరుటి ఆవకాయ తెప్పించి, పెరుగన్నంతో కానిచ్చారు. పప్పులో ఏం లోపమని వంటాయన బాధపడితే కానిస్టేబుల్ అన్న, లోపం లేదు, మా దేవత ఇంకా తినలేదని చెప్పాడు. అయితే ముందే చెప్పొద్దా, ఎంగిలి కాకుండా చూసేవాణ్ణి కదా అన్నాడట వంటాయన. పప్పూ పులిహోరా వంటవాళ్ళ ఇళ్ళకూ వాచ్‌మన్ ఇంటికీ వెళ్ళాయి. సాయంత్రం దాకా థింసా ఆడారు. నా తేదీ మీద అప్పటికప్పుడు ఒక పాట కట్టారు. దాన్ని ఇక్కడ రాయను.

కిందికి దిగేసరికి తాత అరుగు చుట్టూ సగం ఊరు ఉంది. మావ కూడా వచ్చాడు. సంత పేరు చెప్పనందుకు మావను ఏమైనా అందామనుకున్నాను, ఆయనే ముందు అందుకున్నాడు. ఊరు మరిచిపోయినోడికి సంత పేరు కూడా చెప్పాలని తనకేం తెలుసన్నాడు. అందులో న్యాయం ఉంది.

తాత నన్ను కూర్చోబెట్టి విచారణ చేశాడు. ఎంతమంది ఉన్నారు, ఎవరు ఆపారు, ఎవరు తిన్నారు. ఆపింది మా అక్క అనగానే తల ఊపాడు. తిన్నది బావ అన్నప్పుడు, ఆయన తప్పు లేదని చెప్పబోయాను.

"ఆయన మైదానం మనిషి తాతా. మనోడు కాదు, ఆయనకి లెక్క నేదు."

తాత బుట్ట పక్కన పెట్టాడు.

"మన గుంటని సేసుకున్నాడు. మన ఆకులో తిన్నాడు. మనోడు కాకపోతే ఎవడోడు? తప్పు కట్టాల. కోడినిమ్మను."

అలా బావ మా ఊరివాడయ్యాడు. పెళ్ళి రోజు కాలేదు, మూడేళ్ళ తర్వాత ఒక కోడితో అయ్యాడు.

తర్వాత తాత లోపలికి వెళ్ళి సన్నని నారతాడు తెచ్చి మూడు ముడులు వేశాడు. పూర్వం దూరపు ఊళ్ళలో చుట్టాలకు ఇలాగే కబురు పంపేవారట. పొద్దున్న లేచి రోజుకో ముడి విప్పాలి. ఆఖరి ముడి విప్పిన రోజు పండగ. నోటి మాటకు సంతలు కలిసిపోతాయి, ముడికి కలవవు. మీకు ఫోనులున్నాయి కదా అని తాడు మానేశామన్నాడు. అంటూ నా ఫోను వైపు, ఆరోగ్యం బాగాలేని మేకను చూసినట్టు చూశాడు.

నేను తాడు చేతిలోకి తీసుకుని చూశాను. భాష అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, సంత పేరు అక్కర్లేదు. విప్పినది దానంతటది మళ్ళీ ముడి పడదు. నేను రెండేళ్ళుగా రాస్తున్న పత్రంలో ఇంత దిట్టమైన నియమం ఒక్కటీ లేదు.

మళ్ళీ రాయి ఎక్కాను. ఈసారి దారిన వెళ్ళాను, దారిలో చెప్పు కూడా దొరికింది. అక్కకు తాడు సంగతి చెప్పాను. సాయంత్రానికి గ్రూపు నిండా ముడుల ఫోటోలు. కానిస్టేబుల్ అన్న ఈలతాడుకు వేసుకున్నాడు. ఒక నర్సు బ్యాండేజీ గుడ్డకు. హాస్టల్ పిల్లలు చున్నీలకు. బావ తన ఆఫీసు గుర్తింపు కార్డు తాడుకు మూడు ముడులు వేసి, కార్డు గడ్డం కిందికి వచ్చిన ఫోటో పెట్టాడు. తప్పు కట్టాలని తెలిసి బావ నొచ్చుకుంటాడని అక్క భయపడిందట. ఆయన ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. మావ మర్నాడు సంతకు వెళ్ళినప్పుడు బావ ఆయనకు ఫోను చేసి, కోడి ఏ రంగుది ఉండాలి, పుంజా పెట్టా, వయసు ఎంత అని అడిగాడు. కోడిలా ఉంటే చాలని మావ చెప్పాడు.

సోమవారం ఒక ముడి, మంగళవారం ఒక ముడి. నేను ఆఫీసుకు సెలవు పొడిగించమని రాశాను. కారణం దగ్గర "తేదీ లెక్కలో లోపం" అని రాస్తే, మా మేనేజరు ఏ లోపమో వివరంగా పంపమన్నాడు. పంపాను. ఆయన ఇప్పటికీ దాన్ని అందరికీ చూపిస్తుంటాడు.

బుధవారం పొద్దున్న ఆఖరి ముడి విప్పాను. గద్దె అలికారు. డప్పులు, తుడుం, మోరీ బూర మొదలయ్యాయి. పచ్చిమామిడి ముక్కలు అన్నంలో కలిపి, అడ్డాకు దొన్నెలో పోసి, పూజారి గద్దె మీద పెట్టాడు. బావ తరఫున మావ తెచ్చిన కోడిని కూడా, ఇది ఫలానా గుంట పెనిమిటి తప్పు అని ఊరికంతా వినబడేలా చెప్పి, దేవతకు అప్పజెప్పారు. ఆదివారం అదే గద్దె మీద కాళ్ళు చాపి పడుకున్న కోడేమో అని నాకు అనుమానం. అడగలేదు.

నేను రాయి వైపు కదలగానే వెనక డప్పులు కూడా కదిలాయి. ఊరు ఊరంతా పైకి వచ్చింది. మిరియాల ఆడవాళ్ళు వచ్చారు. ఈసారి ఏ మాట తెగుతుందో చూడాలని వచ్చారట. దిసారి తాత కూడా చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా ఎక్కాడు. తను తేదీ చెప్పడం తప్ప, దూరాన ఉన్నవాళ్ళు తింటుంటే ఎప్పుడూ వినలేదన్నాడు.

రెండు గీతలు.

గ్రూపు కాల్ కలిపాను. ఆ రోజు హాలు లేదు, పనిరోజు. ఎవరి చోట వాళ్ళు ఉన్నారు. కానిస్టేబుల్ అన్న వెనక హారన్లు మోగుతున్నాయి. నర్సు వార్డు బయట మెట్ల మీద ఉంది. బావ ఆఫీసు మెట్ల కింద. ఒక టీచరు, పిల్లలు చూస్తున్నారు బేగి చెప్పమంటోంది. అందరి చేతుల్లో ఒక్కో ముక్క, ఉప్పూ కారం అద్దినది. అక్క ఇంట్లో, ఫ్రిజ్ పక్కన, దండ వేసిన కాయల్లోంచి ఒకటి కోసుకుని కూర్చుంది.

నేను గొంతు సవరించుకుని, కాగితం మీద రాసిన మాట, అదొక్కటే, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను.

"పెట్టేసేరు."

ఎవరూ ముందు తినలేదు. హారన్లు తప్ప చప్పుడు లేదు. అక్క కోసం ఆగారని నాకు అర్థమైంది. అప్పుడు ఫోనులోంచి కరుక్కుమని ఒక శబ్దం వచ్చింది. ఎంత గట్టిగా వచ్చిందంటే తాత ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవులది?"

"మా అక్క తాతా."

"పళ్ళు గట్టివే," అన్నాడు.

ఆ వెనకే నగరమంతా కరకరలాడింది. మెట్ల మీద, వార్డు బయట, సిగ్నల్ దగ్గర. ఇక్కడ డప్పులు అందుకున్నాయి. మిరియాల ఆడవాళ్ళు ఆ ఇరుకు రాయి మీదే చేతులు కలిపి అడుగు మొదలుపెట్టారు, నేను పడిపోకుండా మావ నా చొక్కా పట్టుకున్నాడు. ఆ గోలలో ఫోను చెవికి అదిమి, ఎలా ఉందని అక్కను అడిగాను. అక్క నములుతోంది. నమలడం అయ్యేదాకా జవాబివ్వలేదు.

"పులుపు సాల్లేదురా. నీళ్ళలాగుంది. మన కొండది తీసుకుని బేగి రా."

గుంట ఏటంటందని తాత అడిగాడు. చెప్పాను. ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందో మొహంలో తెలిసింది. చేతికర్ర ఎత్తి కిందికి, నీళ్ళు పారే గెడ్డ పక్కన ఉన్న ఒక చెట్టు వైపు చూపించాడు. ఊళ్ళో అంతకంటే పుల్లటి కాయ లేదట, కాకులు కూడా ఆలోచించి తింటాయట.

నా బండికి ఇంకా మూడు గంటల టైముంది. ఖాళీ బ్యాగు భుజాన వేసుకుని కొండ దిగాను.